ఎండకు రాయితీ

బెజవాడవాళ్ళకు ఎండ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ ఊరికి బ్లేజ్‌వాడ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, ఆ మహానుభావుడు మే నెలలో ఏ మధ్యాహ్నం రెండు గంటలకో ఇక్కడ రైలు దిగి ఉంటాడని నా నమ్మకం. రోహిణీకార్తె నాటికి కృష్ణ ఇసుకతిన్నెలుగా మిగులుతుంది. చుట్టూ ఉన్న కొండరాళ్ళు పగలంతా కాగి, ఆ కాకను రాత్రి పదింటిదాకా ఊరి మీదికి వదులుతూనే ఉంటాయి. ఇంత ఎండను భరిస్తున్నవాళ్ళం, దాన్ని తిట్టుకోవడమే తప్ప అదీ ఒక ఆస్తి అని ఎన్నడూ అనుకోలేదు. అనుకున్నవారు ఎవరైనా ఉంటే మా ఇళ్ళలోని ఆడవాళ్ళే. గుమ్మడి వడియాలు, మినప అప్పడాలు, మాగాయ ముక్కలు, ఊరమిరపకాయలు, ఏడాదికి సరిపడా కారం కొట్టించే ఎండుమిరప - ఇవన్నీ డాబా మీది ఎండతో వాళ్ళు చేసుకున్న బేరాలే కదా! ఆ ఎండకు ఎవరూ బిల్లు వెయ్యలేదు, ఎవరూ రాయితీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఎండకు వెల వచ్చింది. గడచిన రెండేళ్ళుగా మా సత్యనారాయణపురంలో డాబా ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్లు వస్తున్నాయి. "సార్, మీ డాబా మీద డెబ్భై ఎనిమిది వేల రూపాయలు ఉన్నాయి, తీసుకుంటారా?" అని మొదలుపెడుతుంది అవతలి గొంతు. మొదటిసారి విన్నప్పుడు ఎవరో లంకెబిందెల సంగతి చెబుతున్నారనుకున్నాను. తరువాత తెలిసింది, అది కేంద్ర ప్రభుత్వం ఇళ్ళ మీద సౌరవిద్యుత్తుకు ఇచ్చే రాయితీ అని.

అసలు విషయానికి వచ్చేముందు ఈ రాయితీ అన్న మాటను గురించి రెండు ముక్కలు. ఇది మనకు ఉర్దూ మీదుగా వచ్చిన 'రిఆయత్'. కనికరించడం, కనిపెట్టి ఉండడం దాని అసలు అర్థం. అరబ్బీలో దీని ధాతువుకు మందను మేపడం, కాయడం అన్న భావం ఉంది. చిత్రమేమిటంటే మన 'రైతు' కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవాడే. రయ్యత్ అంటే పాలకుడు కాయవలసిన ప్రజ. అంటే రైతూ రాయితీ ఒక కడుపున పుట్టిన మాటలన్నమాట. కాసేవాడొకడు, కాయబడేవాడొకడు, ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకునేది రాయితీ. ఈ వ్యుత్పత్తి తెలిసినప్పటి నుంచీ నాకు ఒక అలవాటైంది. ఎక్కడ రాయితీ అన్న మాట వినబడినా, ఇంతకీ ఎవరిని కాస్తున్నారు అని మనసులో ఒకసారి అడుగుకుంటాను. డెబ్భై ఎనిమిది వేల విషయంలోనూ అదే అడుగుకున్నాను. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న పడ్డ పాట్లే.

ముందు లెక్క చెప్పాలి. 'పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన' అనే ఈ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 75,021 కోట్ల రూపాయల కేటాయింపు, కోటి ఇళ్ళ లక్ష్యం, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా గడువు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000. అక్కడితో సరి. మూడు కిలోవాట్లకు పైన ఎంత పెట్టుకున్నా 78,000 దాటదు. పలకల్లోని ఘటాలు కూడా మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. గృహ వినియోగదారులకు మాత్రమే. దుకాణాలకు, కార్ఖానాలకు వర్తించదు (ఈ చివరి వాక్యం జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను). సొమ్ము అమ్మేవాడికి కాక మన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. అయితే పలకలు బిగించి, విద్యుత్తు సంస్థవారు తనిఖీ చేసి, రాకపోకలు రెండూ కొలిచే నెట్ మీటరు పెట్టిన తరువాతనే. పది కిలోవాట్ల లోపు వాటికి సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కరలేదని కూడా 2024లోనే నిబంధనలు సవరించారు. సర్కారు కాగితాల్లో ఇంత సూటిగా ఉన్నవి తక్కువ.

ఇక మా డాబా. మా నాన్నగారు కట్టించిన మేడ. అమ్మా, నేనూ, నా కుటుంబం పైన ఉంటాం. కింద వీధివైపు వాటా ఒక దుకాణానికి అద్దెకిచ్చాం. డాబా విశాలమైనదే గానీ, పడమటివైపు పక్కింటివారు పాత పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపారు. మధ్యాహ్నం మూడు దాటితే సగం డాబా మీద నీడే. కిటికీలోంచి ఇరవై యేళ్ళు వెలుగు అనుభవిస్తే ఆ వెలుగుపై హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెబుతుంది. డాబా మీద ఆరబెట్టుకునే అప్పడాల గురించీ, పలకల గురించీ అందులో ఉన్నట్టు కనబడదు. పైగా పలకల వరసలో ఒక్క మూల నీడపడినా వరసంతా నీరసిస్తుందని బిగించే కుర్రవాడు చెప్పాడు. అన్నీ కొలిచి చూస్తే పొద్దస్తమానం మచ్చలేని ఎండ తగిలే చోటు మూడువందల చదరపుటడుగులు తేలింది. కిలోవాటుకు వంద అడుగులు కావాలట. అంటే సరిగ్గా మూడు కిలోవాట్లు, ఆరు పలకలు. రాయితీ లెక్క కూడా అక్కడికే ఆగుతుంది కనుక ఇదేదో దైవసంకల్పంలా ఉందని నవ్వుకున్నాం. దక్షిణానికి ముఖం పెట్టి, మన ఊరి అక్షాంశం పదహారున్నర డిగ్రీలు కనుక సుమారు అంతే వాలు ఇవ్వాలన్నాడు. నైరుతిలో బరువుంటే వాస్తుకు మంచిదేనని అమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆ కుర్రవాడు వాటిని ప్యానెళ్ళంటాడు, నేను పలకలంటాను, అమ్మ మాత్రం అద్దాలంటుంది.

"ఆ అద్దాలకు ఎండంతా ఇచ్చేస్తే నా వడియాలెక్కడ పెట్టుకోవాలిరా?" అన్నది ఆవిడ వేసిన ఒకే ఒక ప్రశ్న. నీడపడే సగంలో పొద్దున పూట ఎండ ఉంటుంది కదా అన్నాను. వడియాలు పొద్దున్న పెడితే సాయంత్రం దాకా ఎండాలి అన్నది. ఆవిడకూ నాకూ మధ్య ఆ చర్చ ఇంకా పూర్తి కాలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎండలో లేదు, మీటరు మీది పేరులో ఉంది. మా ఇంటి కరెంటు సర్వీసులు రెండూ మా తాతగారి పేరు మీద ఉన్నాయి. ఈ స్థలంలో పాత పెంకుటిల్లు ఉన్నప్పుడు ఆయన వేయించిన కనెక్షను. మేడ కట్టినప్పుడు నాన్నగారు రెండో మీటరు కూడా ఆయన పేరునే తీసుకున్నారు. తాతగారు పోయి ముప్ఫై యేళ్ళు దాటింది. ఓటర్ల జాబితాలో ఆయన పేరు తీసేశారు, రేషను కార్డులో తీసేశారు, స్థలం కాగితాలు నాన్నగారి పేరుకీ ఆ తరువాత మా పేరుకీ మారాయి. కరెంటు బిల్లు ఒక్కటే ప్రతి నెలా ఆయన పేరుతో వచ్చేది. అమ్మ ఆ కాగితం తీసుకుని "మీ తాతయ్యకు ఉత్తరం వచ్చింది" అనేది. రాయితీ సొమ్ము పడవలసిన ఖాతా పేరూ, సర్వీసు మీది పేరూ ఒకటి కావాలి కనుక, మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకారం, స్టాంపు కాగితం పెట్టి పేరు మార్పించాం. పని సులభంగానే అయింది. కొత్త పేరుతో మొదటి బిల్లు వచ్చిన రోజున అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత బిల్లొకటి తీసి పంచాంగంలో పెట్టుకుంది. ఏ రాయితీ లెక్కలోనూ చేరని ఖర్చు అది.

మిత్రులు చాలామంది అడిగే మాట ఒకటుంది: "మీ బెజవాడ ఎండకు ఇక చెప్పేదేముంది, మీటరు గిర్రున తిరుగుతుందిగా!" నిజానికి అది పొరపాటు అభిప్రాయం. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని మీద రాసి ఉండే వాట్ల అంకె పలక లోపలి వేడి 25 డిగ్రీల దగ్గర కొలిచింది. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ నూటికి మూడోవంతు నుంచి రెండు పంచమ వంతుల దాకా తరుగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు కాగితే దాని సత్తువలో ఆరోవంతో ఏడోవంతో ఆవిరే. కనుక మా ఊళ్ళో పలకలకు మంచికాలం రోహిణీకార్తె కాదు. ఆకాశం తేటగా ఉండి గాలి ఇంకా చల్లగా ఉండే మాఘ ఫాల్గుణాలు. దానికి తోడు దుమ్ము. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తున్నది. 2023లో చేరిన 800 మెగావాట్ల యూనిట్టుతో కలిపి దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. ఆ చుట్టుపక్కల డాబాల మీద వేలితో రాస్తే అక్షరం పడుతుంది. బొగ్గు కరెంటు బూడిదను సౌర కరెంటు పలక మీద నుంచి వారానికొకసారి తుడవడం ఈ ఊరివాళ్ళకు రాసిపెట్టి ఉన్న పని. అన్నీ పోను కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లంటారు. నేను జాగ్రత్త కొద్దీ నెలకు వంద యూనిట్లే లెక్కవేసుకున్నాను.

ఎండను పనిలో పెట్టడానికి సర్కారు రాయితీ ఇవ్వడం ఇది మొదటిసారేమీ కాదు. 1980లలో సౌరపొయ్యిలకు ఇచ్చేవారు. మా నాన్నగారు ఒకటి కొన్నారు. నీలిరంగు పెట్టె, మూతకు అద్దం, లోపల నల్లరంగు వేసిన నాలుగు గిన్నెలు. అన్నం, పప్పు అందులో బ్రహ్మాండంగా ఉడికేవి. కాకపోతే మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉడికేవి. నాన్నగారు బడికి వెళ్ళేది తొమ్మిదింటికి, మేము వెళ్ళేది తొమ్మిదిన్నరకు. సూర్యుడి వేళలూ మా వేళలూ కలవక, ఆ పెట్టె రెండేళ్ళకు చింతపండు దాచుకునే పెట్టె అయింది. అప్పట్లో ఊళ్ళో చాలా సౌరపొయ్యిల గతి అదే. వస్తువు మంచిదే, రాయితీ మంచిదే. ఎండ ఉన్నప్పుడు ఇంట్లో ఆ పనికి మనిషి లేడు, అంతే.

ఇప్పటి పద్ధతి ఆ చిక్కును విప్పింది. పగలు మనం వాడుకోని కరెంటు తీగ వెంట వీధిలోకి పోతుంది, రాత్రి మనకు కావలసింది అదే తీగ వెంట వస్తుంది, మీటరు తేడా మాత్రం లెక్కిస్తుంది. పొలం గట్టున పొరుగువాడికి గింజలు బదులిచ్చి అవసరానికి తిరిగి తెచ్చుకున్నట్టు. అయితే ఈ బదులు వీధి తీగ బతికి ఉన్నంతసేపే. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు ఈ సంగతి నాకు బోధపడింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. సింగ్‌నగర్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటి మీద అప్పటికే పలకలున్నాయి. కింది అంతస్తు నీళ్ళలో ఉంది, వీధిలో కరెంటు తీసేశారు, వాన వెలిసి ఎండ ఫెళ్ళున కాస్తున్నది, నెత్తిన మూడు కిలోవాట్లు ఉన్నాయి, ఫోను చార్జి పెట్టుకోవడానికి దిక్కులేదు. వీధి తీగలో కరెంటు లేకపోతే ఇన్వర్టరు తనంత తానే ఆగిపోవాలి. లేకుంటే తీగ చచ్చిందనుకుని చెయ్యి పెట్టిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఆ నియమం న్యాయమైనదే. బ్యాటరీ ఉన్న రకం పెట్టుకుంటే ఈ బాధ ఉండదు గానీ, రాయితీ పలకల కిలోవాట్ల మీదనే, బ్యాటరీకి విడిగా ఏమీ లేదు. వరదలూ తుఫాన్లూ మామూలైన కృష్ణాతీరంలో ఇది చిన్న సంగతి కాదు. పలకలు అమ్మేవాడు తనంతట తాను చెప్పడు, మీరే అడగండి.

సరే, డబ్బు లెక్క. 2022లో ఏకం చేసిన గృహ విద్యుత్తు ధరలు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మాకు నెలకు సగటున 350 యూనిట్లు. సర్దుబాటు చార్జీలు, సుంకం వగైరాలు పక్కన పెడితే 2,110 రూపాయలు. మూడు కిలోవాట్లు నెలకు 300 యూనిట్లు ఇస్తే మిగిలే 50 యూనిట్లకు 117. అంటే సుమారు రెండు వేలు ఆదా. రాయితీ పోను లక్షా పాతిక వేలు పెట్టామనుకుంటే అయిదేళ్ళ పైచిలుకులో తీరుతుంది. పలక పాతికేళ్ళుంటుంది. బాగుంది కదా!

నేనిక్కడితో ఆగి ఉంటే సుఖపడేవాణ్ణి. కానీ కిలోవాటుకు కిలోవాటు విడదీసి చూశాను. మొదటి కిలోవాటు పైమెట్టులోని 8.75 యూనిట్లను కొడుతుంది కనుక 875 రూపాయలు ఆదా చేస్తుంది. రెండోది 669. మూడోది 450 మాత్రమే. మెట్లు దిగేకొద్దీ ఎండ చవకైపోతున్నది. ఇదే కొలతతో నెలకు వంద యూనిట్లు వాడే ఇంటిని చూడండి. వాళ్ళ బిల్లు అసలే 305 రూపాయలు. వాళ్ళొక కిలోవాటు పెట్టుకుంటే వచ్చే రాయితీ మాకొచ్చినట్టే 30,000. కానీ మాకు ఆ మొదటి కిలోవాటు 875 మిగిల్చితే వాళ్ళకు మూడువందలే మిగులుతుంది. మా సొమ్ము మూడు నాలుగేళ్ళలో తిరిగొస్తే వాళ్ళది రావడానికి తొమ్మిది పదేళ్ళు. రాయితీ సమానం, ఫలం సమానం కాదు. ఎక్కువ కరెంటు కాల్చేవాడికి ఎక్కువ లాభం. ఈ లోటు కనబడే కాబోలు 2025లో రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్ళకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగానూ, వెనుకబడిన తరగతులవారికి కేంద్రం ఇచ్చే దాని మీద మరో 20,000 దాకానూ ఇస్తామన్నది. మంచిదే. కానీ మొగల్రాజపురం, క్రీస్తురాజపురం కొండల మీద రేకుల కప్పు కింద ఉన్నవాడికి పలక మోసే డాబా లేదు. ఊళ్ళో అద్దెకున్నవాడికి బిల్లు ఉంది గానీ డాబా లేదు.

అద్దె అనగానే మా కింది వాటా సంగతి చెప్పాలి. అక్కడ ఒకావిడ దోసెల పిండి, ఇడ్లీ పిండి రుబ్బి పొట్లాలు కట్టి అమ్ముతుంది. భర్త ఆటో నడుపుతాడు. రెండు గ్రైండర్లు, ఒక పెద్ద ఫ్రిజ్జు. దుకాణం కనుక మీటరు వాణిజ్య తరగతిది, నెలకు నాలుగువందల యూనిట్లు, పైమెట్లలో యూనిట్టు తొమ్మిది రూపాయల పైచిలుకు. పలకల కుర్రవాడు డాబా కొలిచి దిగుతుంటే ఆవిడ నన్ను ఆపి అడిగింది. "అన్నయ్యగారూ, ఆ కరెంటు మా మీటరుకు కూడా వస్తుందా?"

రాదమ్మా, మీటర్లు వేరు కదా అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి పప్పు కడుక్కుంది.

ఆ రాత్రి మళ్ళీ కాగితం తీశాను. గ్రైండర్లు తిరిగేది పొద్దున పది నుంచి మూడు దాకా, అంటే నిఖార్సుగా ఎండ వేళ. మా ఇంట్లో కరెంటు కాలేది రాత్రి, ఏసీల కింద. ఎండ పుట్టినప్పుడే ఎండను వాడుకోగలిగినది ఆవిడ. వీధి తీగకు మోత లేకుండా, ఇబ్రహీంపట్నం బొగ్గుకు నిజంగా సెలవిచ్చేది ఆవిడ వాడకమే. రాయితీ మాత్రం నాకు. దుకాణాలకు ఇచ్చేది మరో దారి: పలకల ఖరీదును ఏడాదికి నలభై శాతం చొప్పున తరుగుదలగా ఆదాయం పన్ను లెక్కలో చూపుకోవచ్చు. పన్ను కట్టేటంత ఆదాయం ఉంటే! పిండి అమ్ముకునే మనిషికి ఆ దారి మూసి ఉన్నట్టే. పెద్ద హోటలువాడికి తరుగుదల ఉంది, మేడ ఉన్నవాడికి డెబ్భై ఎనిమిది వేలు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య సందులో కూచున్నవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది! ఇస్త్రీ బండి, టైలరు, పిండిమర, జిరాక్సు, సైకిలు పంక్చరు.

తనే స్వయంగా పెట్టుకుంటే? రెండు కిలోవాట్లు లక్షా పాతిక, ముప్ఫై వేలు. పాతికేళ్ళు నిలిచే పలకను పదకొండు నెలల అద్దె కాగితం మీద ఎవరు పెట్టుకుంటారు? నాలుగేళ్ళకు నేను ఖాళీ చెయ్యమంటే పలకలు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతుంది?

ఒక వాదన నాకూ తెలుసు. రాయితీ అన్నాక ఎక్కడో ఒక గీత గియ్యాలి, గీతకు అవతల ఎవరో ఒకరు మిగులుతారు. ఈ కృష్ణాడెల్టాయే అందుకు సాక్ష్యం. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి సర్కారు నీరిచ్చింది. కాలువ కిందివాడు బాగుపడ్డాడు, మెరకవాడు చూస్తూ ఉండిపోయాడు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు దస్త్రం మీద సంతకం పడ్డప్పుడు ఆ వంతు మెరకవాడిది. బోరూ మోటారూ వాడివి కదా. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల, రొయ్యల చెరువులకు యూనిట్టు రూపాయిన్నరకు కరెంటు ఇచ్చారు. అక్కడ ఏరియేటర్లు తిరిగేది తెల్లవారుజామున, నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటే వేళ, సూర్యుడు లేని వేళ. ఇలా ప్రతి రాయితీకీ ఒక ఊరూ, ఒక వేళా, ఒక మనిషీ ఉంటారు. తప్పు గీత గియ్యడంలో లేదు. గీసినవాడు ఎవరు ఎప్పుడు ఎండలో పనిచేస్తున్నారో ఒకసారి తొంగిచూశాడా అన్నదే నా సందేహం. పగటి పూట పనిచేసే చిన్న దుకాణానికి, కిరాయిదారు మారినా సర్వీసుతో పాటు ఉండిపోయేటట్టు, ఇంటి యజమాని ద్వారా అయినా సరే కిలోవాటో రెండో రాయితీకి అర్హత కల్పిస్తే, ఆ డబ్బు ఏసీ ఇళ్ళకు ఇచ్చే మూడో కిలోవాటు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. లెక్క పైనే ఉంది, ఎవరైనా వేసి చూడవచ్చు.

ఎవరో వేసి చూసేదాకా మా డాబా ఖాళీగా ఉండదు కనుక, ఇంట్లో మాట్లాడుకున్నాం. మాకున్న మచ్చలేని ఎండ మూడు కిలోవాట్లకే. మా రెండో, మూడో కిలోవాట్లు మాకు నెలకు 1,119 రూపాయలు మిగిలిస్తాయి, వాటికి సర్కారు 48,000 ఇస్తుంది. అవే నాలుగు పలకలను కింది మీటరుకు కలిపితే నెలకు పద్దెనిమిది వందలకు తక్కువ కాకుండా మిగులుతుంది, సర్కారు నయాపైసా ఇవ్వదు. నలభై ఎనిమిది వేలు వదులుకోవడమా అని మా ఆవిడ అడిగింది, అడగవలసిన ప్రశ్నే. తమ్ముడు డాలస్ నుంచి ఫోనులో, నువ్వు ధర్మసత్రం పెట్టావా అన్నాడు. అమ్మ చాలాసేపు ఊరుకుని, "పగలంతా ఎండపూట కష్టపడేది ఆ పిల్లేగా" అన్నది. అది తీర్పని అమ్మ అనుకుని ఉండదు, మేము అలాగే తీసుకున్నాం.

2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీ పన్నెండు నుంచి అయిదు శాతానికి దిగింది. దసరా వెళ్ళాక, అక్టోబరు చివర మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటిపోయాక, పని మొదలుపెట్టించాం. డెల్టాలో పలకకు ఎండ కన్నా గాలి ముఖ్యమని, కాళ్ళు దిమ్మెల్లో పాతించి బోల్టులు రెండేసి వేయించాను. రెండు పలకలు మా మీటరుకు, ముప్ఫై వేల రాయితీతో. నాలుగు పలకలు కింది మీటరుకు, మా డబ్బుతో. మిగిలే సొమ్ములో సగం అద్దెతో కలిపి ఇస్తానన్నది ఆవిడ. ఆ లెక్కన మా పెట్టుబడి తీరడానికి పదకొండు పన్నెండేళ్ళు పడుతుంది. సర్వీసు ఇంటిది కనుక రేపు ఆవిడ ఖాళీ చేసినా ఆ తరువాత వచ్చే దుకాణానికి ఉంటుంది. ధర్మసత్రమైతే కాదు, మంచి వ్యాపారమూ కాదు. రెండింటి మధ్యా ఎక్కడో ఉంది.

కింది మీటరుకు మొన్న వచ్చిన బిల్లు ఆవిడ పైకి తెచ్చి చూపించింది. "పిన్నిగారూ, కాస్త చదివి చెప్పండి, సరిగానే ఉందా?" అని అమ్మకిచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని యూనిట్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి, సరిగానే ఉందని తేల్చింది. ఆవిడ వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, ఈసారి మినప్పప్పు తనే రుబ్బి ఇస్తానని, పలకల కాళ్ళ మధ్య జాగాలో పొద్దున పూట వడియాలు పెట్టుకోవచ్చేమో చూద్దామని అన్నది. ఎత్తు సరిపోతుందో లేదో రేపు అమ్మను డాబా మీదికి తీసుకెళ్ళి చూపించాలి.